ఉద్యోగం పోయిన సంగతి తడబడకుండా చెప్పడం ఎలా? రంగం మారుతుంటే ఏం చెప్పాలి?

‘ఇంటర్వ్యూ అంతా బాగానే సాగుతుంది. మరి అక్కడ ఎందుకు మానేశారు అని అడగ్గానే గొంతులో వెలక్కాయ పడుతుంది.’ ఈ మాట నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. రెజ్యూమె ఎలా రాయాలని అడిగేవాళ్ళ కంటే ఈ ఒక్క ప్రశ్నకి ఏం చెప్పాలని అడిగేవాళ్ళే ఎక్కువ.

నాకూ ఒకసారి ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వెళ్ళిన మొదటి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకి నాలుగు నిమిషాలు మాట్లాడాను. ప్రాజెక్టు ఎందుకు ఆగింది, మేనేజర్ మధ్యలో ఎలా మారాడు, బడ్జెట్‌లో కోత ఎవరి నిర్ణయం... మూడో నిమిషంలో ఎదుటాయన పెన్నుకి మూత పెట్టేశాడు. నేను చెప్పినవన్నీ నిజాలే. ఆయనకి కావలసింది మాత్రం ఒక్క వాక్యం.

ప్రశ్న రాకముందే ఆ వాక్యం సిద్ధంగా ఉంటే గొంతు దానంతటదే కుదురుకుంటుంది. దాన్ని ఎలా తయారు చేసుకోవాలో, ఎవరి దగ్గర ఎలా వాడాలో వరుసగా చెప్తాను. ఈ వరుస మార్చకండి. ఇంట్లో చెప్పడం ఒక్కటి మాత్రం ఈ అడుగులన్నీ అయ్యేదాకా ఆపకండి. చాలామంది లింక్డ్‌ఇన్ పోస్టుతో మొదలుపెట్టి, ఇంట్లో చెప్పడాన్ని ఆఖరికి నెడతారు. జరగాల్సింది దానికి పూర్తిగా తలకిందులు.

## 1. నోరు విప్పే ముందు కాగితాలు చూసుకోండి

మీరు చెప్పే మాటకీ, కాగితం మీద ఉన్న మాటకీ తేడా రాకూడదు. ‘నేనే రిజైన్ చేశాను’ అని మీరంటే, లెటర్‌లో ‘పోస్టు రద్దు’ అని ఉంటే, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో (కొత్త కంపెనీ మీ పాత వివరాలు సరిచూసుకునేటప్పుడు) దొరికిపోయేది ఉద్యోగం పోయిన సంగతి కాదు, అబద్ధం. మొదటిదాన్ని కంపెనీలు పట్టించుకోకపోవచ్చు. రెండోదానికి మాత్రం ఇచ్చిన ఆఫర్ కూడా వెనక్కి తీసుకుంటాయి.

ఇవి దగ్గర పెట్టుకోండి:

- రిలీవింగ్ లెటర్ లేదా టర్మినేషన్ లెటర్. అందులో కారణం ఏమని రాశారో ఆ పదాలు యథాతథంగా నోట్ చేసుకోండి.
- చేరిన తేదీ, చివరి పనిరోజు. రెజ్యూమెలో, లింక్డ్‌ఇన్‌లో, దరఖాస్తులో ఒకే తేదీలు ఉండాలి.
- మీరు సంతకం పెట్టిన సెటిల్‌మెంట్ కాగితం. పరిహారం ఇచ్చేటప్పుడు ‘కంపెనీ గురించి బయట చెడుగా మాట్లాడకూడదు’, ‘ఈ మొత్తం ఎవరికీ చెప్పకూడదు’ లాంటి షరతులు పెట్టడం మామూలే. అవి ఉన్నాయో లేవో చదవకుండా ఎక్కడా ఏమీ రాయకండి.
- మీ పని గురించి మంచిగా చెప్పగలిగే ఇద్దరి పేర్లు. వాళ్ళని ముందే అడగండి. వాళ్ళకి తెలియకుండా నంబరు ఇవ్వకండి.

ఇంకా సంతకం పెట్టకపోతే మీ చేతిలో ఇంకో అవకాశం ఉంది. లెటర్‌లో కారణం ఏమని రాస్తారో ముందే అడగండి. ఆ పదం మార్చమని అడగడంలో తప్పేమీ లేదు. కొన్నిసార్లు మారుస్తారు కూడా.

హెచ్‌ఆర్‌ని ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ‘రేపు ఎవరైనా నా గురించి వెరిఫికేషన్‌కి ఫోన్ చేస్తే మీరు ఏయే వివరాలు చెప్తారు? వెళ్ళిపోవడానికి కారణం కూడా చెప్తారా? చెప్తే ఏమని?’ చాలా కంపెనీలు హోదా, తేదీలు మాత్రమే ధ్రువీకరిస్తాయి. ఆ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

## 2. ఐదు రోజులు మీ కోసం రాసుకోండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి.

1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు జీవితంలో వచ్చే ఒత్తిళ్ళకి పాయింట్లు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100 వేసి, ఉద్యోగం నుంచి తీసేయడానికి 47 వేశారు. కాబట్టి గొంతు వణకడం మీ చేతకానితనమేమీ కాదు. అయితే లోపల ఉన్న ఆ కోపం ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. ఇంటర్వ్యూలో కంటే కాగితం మీద రావడం మేలు.

1994లో స్పెరా, బుర్‌ఫైండ్, పెన్నిబేకర్ అనే పరిశోధకులు ఉద్యోగాలు పోయిన 63 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. కొందరిని వరుసగా ఐదు రోజులు, రోజుకి 20 నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. అలా రాసినవాళ్ళకి మిగతావాళ్ళ కంటే త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వాళ్ళు మిగతావాళ్ళ కంటే గట్టిగా వెతికారని కాదు. పాత ఉద్యోగం మీదా, కొత్తది వెతకడం మీదా వాళ్ళ ధోరణి మారినట్టు కనిపించిందని పరిశోధకులు రాశారు.

చేయాల్సింది ఇంతే:

- రోజూ ఒకే సమయానికి కూర్చోండి. 20 నిమిషాలకి అలారం పెట్టుకోండి.
- అక్షర దోషాలు, వాక్యాలు పట్టించుకోకండి. ఎవరి మీద కోపమో పేరుతో సహా రాసేయండి.
- కాగితం మీదే రాయండి. మెయిల్‌లో మాత్రం రాయకండి. అర్ధరాత్రి వేలు జారి ‘సెండ్’ నొక్కినవాళ్ళు నాకు తెలుసు.
- ఎవరికీ చూపించకండి.

నాకు మూడో రోజు దాకా కోపమే. ఐదో రోజుకి నా కథ నాకే విసుగొచ్చింది. మనకే విసుగొచ్చిన కథ ఇంటర్వ్యూలో పొంగి బయటికి రాదు.

## 3. జరిగినదానికి సరైన మాట ఎంచుకోండి

తెలుగులో మనిషి చనిపోయినా ‘పోయారు’ అంటాం, ఉద్యోగం ఊడినా ‘పోయింది’ అంటాం. అందుకేనేమో ‘ఉద్యోగం పోయింది’ అనగానే ఎదుటివాళ్ళు పరామర్శ గొంతులోకి మారిపోతారు. ‘అయ్యో, ఎలా జరిగింది?’ అంటారు. మీరు మొదటినుంచీ మొదలుపెడతారు. అక్కడే అదుపు తప్పుతుంది.

ఇంట్లోవాళ్ళతో ‘పోయింది’ అనండి, ఫరవాలేదు. బయటివాళ్ళతో మాత్రం ఏం జరిగిందో సూటిగా చెప్పే క్రియ వాడండి:

- లేఆఫ్ (మీ తప్పేమీ లేకుండా కంపెనీయే పోస్టులు తగ్గించుకోవడం) అయితే: ‘కంపెనీ మా టీమ్‌ని మూసేసింది’, ‘నా పోస్టు రద్దయింది’.
- కంపెనీయే మూతపడితే: ‘కంపెనీ మూతపడింది’. దీనికి వివరణ కూడా అక్కర్లేదు.
- కాంట్రాక్టు అయితే: ‘కాంట్రాక్టు గడువు అయిపోయింది, పొడిగించలేదు’.
- పనితీరు బాగాలేదని తీసేస్తే: ‘అక్కడ నా పని వాళ్ళు అనుకున్నట్టు రాలేదు, తీసేశారు’.
- రాజీనామా చేయమంటే చేస్తే: ‘కంపెనీతో మాట్లాడుకుని బయటికి వచ్చాను’. లెటర్‌లో రాజీనామా అని ఉంటేనే ఇలా అనండి.
- మీరే వదిలేస్తే: ‘మానేశాను’. ‘మానేయాల్సి వచ్చింది’ అంటే మాత్రం వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది.

‘ఖాళీగా ఉన్నాను’ అనే మాట మీ నోటితో మీరు అనకండి. ఎదుటివాళ్ళు ‘ఖాళీయేనా?’ అన్నా, ‘ఉద్యోగం వెతుకుతున్నానండీ, ఫలానా రంగంలో’ అనండి. వినడానికి చిన్న తేడాయే. కానీ ‘ఖాళీ’ అన్నచోట సంభాషణ ఆగిపోతుంది. ‘వెతుకుతున్నాను’ అంటే ‘ఏ రంగంలో?’ అని కొనసాగుతుంది.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో అయితే ఇంకో జాగ్రత్త. ‘ఐ వాజ్ ఫైర్డ్’ అంటే తప్పు చేసో, పని చేతకాకో తీసేశారని అర్థం వస్తుంది. లేఆఫ్ అయినవాళ్ళు కూడా తెలియక ఆ మాట అనేస్తుంటారు. ‘మై పొజిషన్ వాజ్ ఎలిమినేటెడ్’ అనో, ‘ఐ వాజ్ పార్ట్ ఆఫ్ ఎ లేఆఫ్’ అనో చెప్పండి.

లేఆఫ్ అని చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళకి ఒక మాట. మెటా 2022 నవంబరులో 11,000 మందికి పైగా తీసేసింది. గూగుల్ 2023 జనవరిలో దాదాపు 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసే మనిషి ఈ జాబితాలో ఉండి వచ్చినవాడు కూడా కావచ్చు.

## 4. మూడు వాక్యాల జవాబు తయారు చేయండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే చేస్తామంటే ఇది చేయండి.

మొదటి వాక్యం: ఏం జరిగింది. రెండో వాక్యం: అక్కడ నేను చేసిన పని. మూడో వాక్యం: ఇప్పుడు నాకు ఏం కావాలి, ఇక్కడికి ఎందుకు వచ్చాను. మొత్తం అర నిమిషం.

ఒక టెస్టింగ్ ఇంజనీర్ జవాబు చూద్దాం. సరిచేయకముందు ఇలా ఉంది:

‘అంటే... యాక్చువల్లీ మాది మంచి టీమే సార్. కానీ మేనేజ్‌మెంట్ మారింది, కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. నా రేటింగ్ కూడా బాగానే ఉంది, అసలు నన్ను తీసేస్తారని ఎవరూ అనుకోలేదు...’

రేటింగ్ గురించి ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. సరిచేశాక:

‘మార్చిలో కంపెనీ మా ప్రోడక్టు ఆపేసింది, దానిమీద పనిచేసే 40 మందిమీ బయటికి వచ్చాం. అక్కడ నాలుగేళ్ళు బిల్లింగ్ టెస్టింగ్ చూశాను, చివరి ఏడాది రిలీజ్ బాధ్యత కూడా నాదే. ఇప్పుడు పేమెంట్స్ వైపు టెస్టింగ్ లీడ్ పని వెతుకుతున్నాను, మీ ప్రకటనలో సరిగ్గా అదే ఉంది.’

రెండోదాంట్లో నెల ఉంది, సంఖ్య ఉంది, పని పేరు ఉంది. గొప్పలు చెప్పే విశేషణం ఒక్కటీ లేదు. ‘చాలా’, ‘ఎంతో’, ‘నిజంగా’ లాంటివి తీసేస్తేనే వాక్యం నిలబడుతుంది.

పనితీరు కారణంగా తీసేస్తే. అన్నిటికంటే కష్టమైనది ఇదే. ఇక్కడ రెండో వాక్యం మారుతుంది. అక్కడ చేసిన పనికి బదులు, ఏది కుదరలేదో, దాన్నుంచి ఏం తెలుసుకున్నారో చెప్పాలి.

‘ఆ ఉద్యోగంలో అమ్మకాల టార్గెట్ అందుకోలేకపోయాను, ఏడాదికి తీసేశారు. కొత్త కస్టమర్లని వెతకడం కంటే ఉన్నవాళ్ళని నిలబెట్టుకోవడంలో నాకు పట్టు ఎక్కువ, అంతకుముందు ఐదేళ్ళు చేసింది అదే. అందుకే ఈసారి అకౌంట్ మేనేజ్‌మెంట్ ఉద్యోగాలకే దరఖాస్తు చేస్తున్నాను.’

ఇందులో తప్పు ఒప్పుకున్నారు, ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇలా చెప్పాక ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఏదైనా నియమం ఉల్లంఘించి ఉద్యోగం పోతే. ఇంకా క్లుప్తంగా చెప్పండి: ‘కంపెనీ నియమం ఒకటి పాటించలేదు, తప్పు నాదే. అది జరిగి రెండేళ్ళయింది, ఆ తర్వాత చేసిన చోట నా గురించి అడగొచ్చు.’

ఇంట్లో ఎవరికో బాగాలేక మానేస్తే. జబ్బు వివరాలు చెప్పాల్సిన అవసరం లేదు. ‘ఇంట్లో ఒకరిని చూసుకోవాల్సి వచ్చి ఏడాది ఆగాను. ఆ పని పూర్తయింది, ఇప్పుడు ఫుల్‌టైమ్ చేయగలను.’ చివరి ముక్క ముఖ్యం. వాళ్ళ మనసులో ఉన్న ప్రశ్న అదే.

మూడో వాక్యం అయ్యాక ఆగిపోండి. రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఎదుటివాళ్ళు రాసుకుంటూ ఉంటారు, అంతే. ఆ నిశ్శబ్దం నింపడానికి ‘అంటే నా ఉద్దేశం...’ అని మళ్ళీ మొదలుపెట్టి, చక్కగా కట్టిన జవాబుని మనమే కూల్చుకుంటాం. చేతిలో నీళ్ళ గ్లాసు ఉంటే ఒక గుక్క తాగండి. నోటికి పని ఉంటే మాట రాదు.

## 5. నోటికి అలవాటు చేయండి

కాగితం మీద బాగున్న వాక్యం నోట్లో తిరగకపోవచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి వినండి.

నేను మొదటిసారి విన్నప్పుడు అర నిమిషంలో ‘యాక్చువల్లీ’ ఏడుసార్లు అన్నాను. ఇంకో విచిత్రం, ‘తీసేశారు’ అన్నచోట చిన్నగా నవ్వుతున్నాను. ఆ నవ్వు నాకు తెలియనే తెలియదు. బెరుకు కప్పుకోవడానికి మనం నవ్వుతాం, వినేవాళ్ళకి మాత్రం ఏదో దాస్తున్నట్టు ఉంటుంది.

- మొదటి రోజు: ఐదుసార్లు రికార్డు. ప్రతిసారీ విని ఒక్క తప్పు మాత్రమే దిద్దండి.
- రెండో రోజు: నిలబడి, నడుస్తూ, వేరే పని చేస్తూ చెప్పండి.
- మూడో రోజు: ఒక స్నేహితుడిని పిలిచి, మధ్యలో ఎప్పుడైనా ఆ ప్రశ్న అడగమనండి. ‘చెప్పరా, అక్కడ ఎందుకు మానేశావ్?’ అని వాడు వేరే ఏదో మాట్లాడుతూ మధ్యలో అడగాలి. అప్పుడు తడబడకపోతే మీరు సిద్ధమైనట్టే.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు జవాబుని విడిగా తయారు చేయండి. తెలుగులో అనుకుని అప్పటికప్పుడు మార్చి చెప్తే, సరిగ్గా కష్టమైన మాట దగ్గరే ఆగిపోతారు. బట్టీ పట్టకండి. మూడు వాక్యాల వరుస గుర్తుంటే చాలు, పదాలు మారినా ఫరవాలేదు.

## 6. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత

మొదట ఇంట్లో. తెలిసిన రోజే, లేదంటే మర్నాడు. రోజూ ఆఫీసుకి వెళ్తున్నట్టు బయటికి వెళ్ళి ఎక్కడో కూర్చుని వచ్చేవాళ్ళున్నారు. బయటపడ్డాక ఇంట్లోవాళ్ళని బాధించేది ఉద్యోగం పోవడం కంటే ఆ నటనే.

భార్యాభర్తల మధ్య సంగతి, డబ్బు లెక్క రెండూ ఒకేసారి చెప్పండి: ‘చూడు, ఈ నెలతో నా ఉద్యోగం అయిపోతోంది. చేతిలో ఉన్నదాంతో ఇన్ని నెలలు గడుస్తుంది. ఆదివారం కూర్చుని ఏ ఖర్చు ఆపాలో చూద్దాం.’ లెక్క లేకుండా చెప్తే భయం మాత్రమే చేరుతుంది.

తల్లిదండ్రులకి ముందు మీరు బాగున్నారని చెప్పండి. ‘నాన్నా, నేను బాగానే ఉన్నాను. కంపెనీలో మా డిపార్ట్‌మెంట్ తీసేశారు. వేరేది చూసుకుంటున్నాను. ఏదైనా కుదిరితే నేనే ఫోన్ చేస్తాను.’ ఆఖరి వాక్యం వాళ్ళు రోజూ ‘ఏమైంది?’ అని అడగకుండా ఉండటానికి.

పిల్లలకి దాచకండి, వాళ్ళు ఎలాగూ పసిగడతారు. ‘అమ్మ ఆ ఆఫీసులో పని మానేసింది, కొత్తది వెతుకుతోంది. నీ స్కూలు మామూలే’ అంటే వాళ్ళకి చాలు.

తర్వాత మీ గురించి మాట్లాడేవాళ్ళు. ఒకటో అడుగులో రాసుకున్న ఇద్దరికీ మీ మూడు వాక్యాలు పంపండి. వాళ్ళకి ఫోన్ వస్తే మీ మాటే వాళ్ళ నోట రావాలి.

ఆ తర్వాత దూరపు పరిచయాలు. ఇక్కడ చాలామంది పొరబడతారు. దగ్గరి స్నేహితులకి చెప్పి, మిగతావాళ్ళకి చెప్పడానికి మొహమాటపడతారు. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ‘ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగాడు. తరచుగా అన్నవాళ్ళు దాదాపు 17 శాతం. అప్పుడప్పుడు అన్నవాళ్ళు 56 శాతం. అరుదుగా అన్నవాళ్ళు 28 శాతం. దగ్గరివాళ్ళకి తెలిసిన ఖాళీలు మనకీ తెలిసే ఉంటాయి. కొత్త కబురు వచ్చేది దూరం నుంచే.

మూడేళ్ళుగా మాట్లాడని పాత కొలీగ్‌కి ఇలా రాయొచ్చు:

‘నమస్తే అండీ, బాగున్నారా? ఆ మైగ్రేషన్ ప్రాజెక్టులో కలిసి చేశాం, గుర్తుండే ఉంటుంది. గత నెలలో మా టీమ్‌ని తీసేశారు, డేటా ఇంజనీర్ పని వెతుకుతున్నాను. మీ కంపెనీలో ఈ పని ఎవరు చూస్తారో తెలిస్తే వాళ్ళ పేరు చెప్తారా?’

ఉద్యోగం అడగలేదు, పేరు అడిగారు. ఉద్యోగం ఇప్పించమంటే అది వాళ్ళ చేతిలో లేదు కాబట్టి జవాబివ్వడమే మానేస్తారు. పేరు చెప్పడానికి ఒక నిమిషం చాలు.

చివరగా నలుగురికీ. లింక్డ్‌ఇన్ సంగతి తొమ్మిదో అడుగులో చెప్తాను.

## 7. ఇంటర్వ్యూలో తిరగేసి అడిగే ప్రశ్నలు

మూడు వాక్యాలు చెప్పాక కొందరు అక్కడితో వదిలేస్తారు. కొందరు వదలరు.

‘టీమ్‌లో అందరినీ తీసేయలేదు కదా, మిమ్మల్నే ఎందుకు?’
‘ఏ లెక్కన ఎంచారో నాకు చెప్పలేదు. నా చివరి రెండు రివ్యూలూ బాగున్నాయి, అప్పటి లీడ్‌తో మాట్లాడొచ్చు.’ రివ్యూలు నిజంగా బాగుంటేనే ఈ మాట అనండి. లేకపోతే మొదటి వాక్యంతో ఆపేయండి. ఊహించి కారణాలు చెప్పకండి, ఏ కారణం చెప్పినా ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

‘ఈ ఎనిమిది నెలలు ఏం చేశారు?’
‘చదువుకుంటున్నాను’ అంటే గాలిలో మాట. చూపించగలిగేది ఒక్కటైనా చెప్పండి. ‘మొదటి రెండు నెలలు ఇంటి పనులతో సరిపోయింది. ఆ తర్వాత క్లౌడ్ కోర్సు పూర్తిచేసి, నేర్చుకున్నదానితో చిన్న ప్రాజెక్టు కట్టాను, లింక్ పంపిస్తాను.’ మొదటి రెండు నెలల మాట దాచనవసరం లేదు. దానివల్ల మిగతా ఆరు నెలల మాట నమ్మబుద్ధేస్తుంది.

‘మీ పాత మేనేజర్ ఎలాంటివారు?’
ఇది వల. ఒక మంచి, ఒక తేడా చెప్పి వదిలేయండి: ‘గడువుల విషయంలో చాలా పక్కాగా ఉండేవారు, అది నాకూ అలవాటైంది. ఆయనకి రోజూ రిపోర్టు కావాలి, నేను వారానికోసారి ఇచ్చే పద్ధతిలోంచి వచ్చాను. సర్దుకోవడానికి కొంత టైమ్ పట్టింది.’

‘ఎంత జీతం అనుకుంటున్నారు?’
‘ఎంతిచ్చినా ఫరవాలేదండీ’ అనకండి. ఆ పనికి మార్కెట్‌లో ఎంత నడుస్తోందో ముందే కనుక్కుని, పై అంకె, కింది అంకె చెప్పండి. కింది అంకె మీకు నిజంగా సరిపోయేదై ఉండాలి, ఎందుకంటే ఇచ్చేది సాధారణంగా అదే.

‘వేరే ఆఫర్లు ఉన్నాయా?’
లేకపోతే, ‘రెండు చోట్ల మాటలు నడుస్తున్నాయి, ఆఫర్ ఇంకా రాలేదు’ అనండి, అదీ నిజమైతేనే. లేని ఆఫర్ ఉందంటే ‘లెటర్ చూపిస్తారా?’ అంటారు.

మధ్యలో గొంతు పూడుకుపోతే ‘ఒక్క నిమిషం’ అనండి. నీళ్ళు తాగండి. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు రెండో వాక్యం, అంటే మీ పని గురించిన మాటతో మొదలుపెట్టండి. మొదటి వాక్యానికి వెనక్కి వెళ్ళకండి.

## 8. రంగం మారుతున్నట్టు చెప్పాలంటే

ఉద్యోగం పోవడం, రంగం మారడం రెండూ ఒకేసారి జరిగితే చాలామంది వాటిని కలిపేస్తారు. ‘నాకు ఎప్పటినుంచో ఇదే ఇష్టం, అందుకే ఉద్యోగం పోయినా మంచిదే అయింది’ అంటారు. ఎవరూ నమ్మరు. రెండు సంగతులూ విడివిడిగా చెప్పండి: పోయిన కారణం ఒక వాక్యం, మారుతున్న కారణం ఇంకో వాక్యం.

మారుతున్న కారణం మీరు వెళ్తున్న చోటు గురించి ఉండాలి. ‘టీచింగ్‌లో ఎదుగుదల లేదు’ అనేది వదిలేసిన చోటు గురించి. ‘పెద్దవాళ్ళకి సాఫ్ట్‌వేర్ నేర్పే పని చేయాలనుంది’ అనేది వెళ్ళే చోటు గురించి.

తర్వాత వంతెన వేయాలి. కాగితం మీద మూడు వరుసలు గీయండి: నా దగ్గర ఉన్నవి, లేనివి, నేర్చుకుంటున్నవి. కార్పొరేట్ ట్రైనింగ్‌లోకి వెళ్ళాలనుకునే లెక్కల టీచర్‌ని తీసుకోండి.

- ఉన్నవి: 45 మందిని ఒకేసారి కూర్చోబెట్టి చెప్పగలగడం, అర్థంకానివాళ్ళని ముఖం చూసి గుర్తుపట్టడం, పాఠాన్ని ముక్కలు చేయడం.
- లేనివి: కంపెనీ వాతావరణం, ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే టూల్స్.
- నేర్చుకుంటున్నవి: ఆ టూల్స్‌లో ఒకటి. దానితో చేసిన పది నిమిషాల నమూనా పాఠం.

దాన్ని మాటల్లో పెడితే: ‘తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను. అర్థం కాలేదని పిల్లలు నోరు విప్పి చెప్పరు, ముఖం చూసి కనిపెట్టాలి. మీ ట్రైనింగ్‌లోనూ పెద్దవాళ్ళు అంతే, అడగడానికి మొహమాటపడతారు. కంపెనీ పద్ధతులు నాకు కొత్త, అవి నేర్చుకోవాలి. కోర్సు తయారుచేసే టూల్ మాత్రం మొదలుపెట్టాను, ఒక నమూనా తెచ్చాను.’

రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి.

‘పాత రంగంలో మంచి అవకాశం వస్తే వెళ్ళిపోరా?’ అంటే, ‘అలాంటి అవకాశం జూన్‌లో వచ్చింది, వద్దన్నాను’ అనగలిగితే అంతకంటే గట్టి జవాబు లేదు. అలాంటిది లేకపోతే, ఈ మార్పు కోసం ఇప్పటికే పెట్టిన సమయం, డబ్బు చెప్పండి.

‘మీకంటే చిన్నవాళ్ళ దగ్గర పనిచేయగలరా?’ అంటే, ‘ఈ పనిలో వాళ్ళకి నాకంటే అనుభవం ఎక్కువ, కాబట్టి ఇబ్బంది లేదు’ చాలు. ఇంతకంటే పొడిగిస్తే ఇబ్బంది ఉన్నట్టే వినిపిస్తుంది.

‘సున్నా నుంచి మొదలుపెడుతున్నాను’ అని మాత్రం ఎక్కడా అనకండి. మీకు సున్నా జీతం వేయమని మీరే చెప్పినట్టు అవుతుంది.

## 9. రెజ్యూమె, లింక్డ్‌ఇన్

రెజ్యూమెలో ఉద్యోగం వదిలిన కారణం రాయకండి. తేదీలు చాలు. విరామం ఏడాది దాటితే ఆ కాలానికి ఒక పంక్తి పెట్టండి. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి ‘కెరీర్ బ్రేక్’ అని విడిగా చేర్చే వీలుంది.

ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే ‘ఓపెన్ టు వర్క్’ గుర్తుని అక్కడ రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. ఒకటి మీ ఫొటో చుట్టూ అందరికీ కనిపించే ఆకుపచ్చ ఫ్రేము, రెండోది రిక్రూటర్లకి (మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునేవాళ్ళకి) మాత్రమే. ఉద్యోగంలో ఉండగా వెతుకుతుంటే రెండోది వాడండి. అప్పుడు కూడా మీ కంపెనీకి తెలియదన్న గ్యారంటీని లింక్డ్‌ఇన్ ఇవ్వదు. ఉద్యోగం పోయాక ఆకుపచ్చ ఫ్రేము పెట్టాలా వద్దా అన్నదాని మీద వాదనలున్నాయి. నా ఉద్దేశంలో పెట్టండి. మీరు వెతుకుతున్నారని తెలియకపోతే ఆ దూరపు పరిచయాలు సాయం చేసేదెలా?

పోస్టు రాసేముందు ఒక రాత్రి ఆగండి. ఇందులోనూ అవే మూడు వాక్యాలు, ఇంకో రెండు కలపండి: ఏ హోదా, ఏ ఊళ్ళో లేదా రిమోట్‌లో. పదేళ్ళ జ్ఞాపకాలు, ఫొటోలు పెడితే లైకులు వస్తాయి, సానుభూతి వస్తుంది. మీకేం కావాలో మాత్రం చదివినవాళ్ళకి తెలియదు.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

- అడగకముందే చెప్పేయడం. ‘మీ గురించి చెప్పండి’ అనగానే ఉద్యోగం పోయిన కథ ఎత్తుకుంటారు. ముందు పని గురించి చెప్పండి. అది వాళ్ళు అడుగుతారు, కంగారేం లేదు.
- క్షమాపణ గొంతు. ‘సారీ, చిన్న గ్యాప్ ఉంది’ అంటారు. ‘సారీ’, ‘చిన్న’ రెండూ తీసేసి నెలల సంఖ్య చెప్పండి.
- ఒక్కొక్కరికి ఒక్కో కథ. హెచ్‌ఆర్‌కి ఒకటి, టెక్నికల్ రౌండ్‌లో ఇంకోటి. వాళ్ళు నోట్స్ ఇచ్చిపుచ్చుకుంటారు. మూడు వాక్యాలూ ఫోన్ పక్కన అతికించుకోండి.
- ఉద్యోగం ఉన్నట్టే మాట్లాడటం. రెజ్యూమెలో ‘ఇప్పటివరకు’ అని వదిలేస్తారు. ఈ రోజే మార్చండి.
- ‘నా ఆరోగ్యం బాగాలేక’ అనే సాకు. నిజం కాకపోతే వాడకండి. ఇప్పుడెలా ఉంది, పని చేయగలరా అని వరుసగా ప్రశ్నలు వస్తాయి.

## 11. ముందు రోజు రాత్రి చూసుకోవాల్సినవి

- మూడు వాక్యాలు ఒక్కసారి గట్టిగా చెప్పాను, అర నిమిషం దాటలేదు.
- తేదీలు లెటర్‌లో, రెజ్యూమెలో, దరఖాస్తులో ఒకటే.
- మూడో వాక్యంలో ఈ కంపెనీ పని పేరు మార్చాను, పాత కంపెనీది ఉండిపోలేదు.
- ‘మిమ్మల్నే ఎందుకు?’, ‘ఇన్ని నెలలు ఏం చేశారు?’ రెండింటికీ జవాబు ఉంది.
- జీతం అంకెలు రెండూ రాసుకున్నాను.
- చూపించాల్సిన ప్రాజెక్టు లింక్ తెరుచుకుంటోంది.
- నీళ్ళ గ్లాసు.

ఇంటర్వ్యూ అయిన అరగంటలోపు, ఇంకా గుర్తుండగానే, ఎక్కడ తడబడ్డారో ఒక పంక్తి రాసుకోండి. అడిగిన ప్రశ్న వాళ్ళ మాటల్లోనే రాయండి, మీరు ఇచ్చిన జవాబు పక్కన పెట్టండి. ఆ రాత్రే దిద్ది, మళ్ళీ రికార్డు చేయండి. నా మూడు వాక్యాలు నాలుగో ఇంటర్వ్యూ దాకా మారుతూనే ఉన్నాయి. ఐదోదాంట్లో ఆ ప్రశ్న అడిగినావిడ జవాబు విని ‘ఓకే’ అని రాసుకుని, రిలీజ్ ప్లానింగ్ గురించి అడగడం మొదలుపెట్టింది.